ఎనభై రెండు సెంట్ల పై మడి

తెనాలిలో ఒక దస్తావేజు లేఖరి దగ్గర ఇరవై రెండేళ్లుగా పని చేస్తున్నాను. నా చేతి మీదుగా చేతులు మారిన పొలాలు ఎన్నో నాకే లెక్క తెలియదు. తూర్పున ఫలానా వారి గట్టు, పడమర పుంత, ఉత్తరాన బోదె, దక్షిణాన ఇంకొకరి పొలం. ఆ కింద 'నిధి నిక్షేప జల పాషాణ అక్షీణ ఆగామి సిద్ధ సాధ్యములనెడి అష్టభోగములతో సహా' అని ఒక ముక్క. నిద్రలో లేపి అడిగినా అక్షరం తప్పకుండా చెబుతాను. అర్థం మాత్రం ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే నా పరువు పోయేది.

ఈసారి అమ్మవలసింది నా పొలమే. అంటే మా అమ్మది. అమ్మది రాజాం, పాలకొండల మధ్య ఒక ఊరు. పెళ్లికి ముందు ఊడ్పుల ముఠాతో మా వైపు కూలికి వచ్చింది, తెనాలి రైసుమిల్లులో పని చేసే మా నాన్నని చేసుకుంది, ఇక్కడే ఉండిపోయింది. తాతయ్య పసుపు కుంకుమ కింద ఆమె పేర ఎనభై రెండు సెంట్లు రాశాడు. పోయిన మార్గశిరంలో అమ్మ వెళ్లిపోయింది. నేను ఒక్కదాన్నే సంతానం. మూడు నెలలు తిరక్కుండా రాజాం నుంచి ఒక బ్రోకరు ఫోన్ చేశాడు: లేఔట్ వేస్తున్నాం మేడం, మంచి రేటు. మా ఇంటి మీద ఇంకో అంతస్తు అప్పుడే నా కళ్ల ముందు లేచింది. వంద రూపాయల స్టాంపు పేపరు మీద అగ్రిమెంటు నేనే రాసుకున్నాను. నాలుగు హద్దులు మాత్రం ఖాళీగా వదిలాను. కళ్లతో చూడకుండా హద్దులు రాయకూడదని మా గురువుగారి నియమం. అందుకే బయల్దేరాను.

ఆ వైపు ఎప్పుడూ వెళ్లని వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఊరి పేరు మాత్రం చెప్పను. చెప్తే రేపే ఇంకో బ్రోకరు బండి కడతాడు.

కొత్తవలసలో జిలేబీ

విశాఖలో పాసింజరు ఎక్కాను. కొత్తవలసలో బండి ఆగిపోయింది. కిరండూల్ లైను నుంచి వచ్చే గూడ్సుకి దారి ఇవ్వాలట. ప్లాట్‌ఫారం చివర ఒకావిడ గంపలో పనస తొనలు పెట్టుకుని కూర్చుంది. చేతి సంచి భుజాన వేసుకుని దిగాను. ఇరవైకి ఆరు తొనలంది. ఎనిమిది ఇమ్మన్నాను. మేమిద్దరం ఏడు దగ్గర రాజీ పడేసరికి రైలు కదిలిపోయింది. మేనమామ కోసం తెచ్చిన తెనాలి జిలేబీ డబ్బా సీటు మీదే ఉండిపోయింది. దాన్ని విజయనగరం దాకా ఎవరు చేర్చారో, ఎవరి కడుపులోకి చేరిందో దేవుడికే తెలియాలి.

నేను లబలబలాడుతుంటే ఆవిడ నవ్వింది. "ఏటమ్మా అంత బెంగ? రైలెల్లిపోతే ఇంకోటి వస్తాది. కూకో, తిను."

తిన్నాను. మా వైపు పనస అంటే మార్కెట్లో కోసి కవర్లో కట్టి అమ్మేది. ఇది ఇంటి గట్టు మీది చెట్టుదట, పొద్దున కోసింది. చెట్టు ఎవరు నాటారని మాట వరసకి అడిగాను.

"మాయత్త నాటింది. నాను తింతన్నాను, అమ్ముకుంతన్నాను. నా కోడలూ అమ్ముకుంటాది." చేతికి నూనె రాసుకుంటూ ఇంకో కాయ చీల్చింది. "మా పక్క సేను అమ్మీసినారు. మూడేల్లయినాది. రాళ్లు పాతీసి ఎల్లిపోనారు. ఒక్క ఇల్లు నేదు. పండినప్పుడు అందులో పదిమందిమి కూలికెల్లీవోళ్లం. ఇప్పుడు గొర్రి కూడా ఎల్లదు."

నా సంచిలో స్టాంపు పేపరు ఉందని ఆవిడకి తెలియదు. నేనూ చెప్పలేదు. తర్వాత రైలుకి ఇంకా రెండు గంటలుందంటే ఆవిడే ఒక షేరు ఆటో ఆపి, "ఈయమ్మని కోట కాడ దింపీ" అని నన్ను ఎక్కించింది. దారి పొడుగునా రోడ్డుకి రెండు వైపులా పసుపు రంగు వేసిన రాళ్లు కనబడ్డాయి. కొన్నిచోట్ల రాళ్ల మధ్య తుమ్మ మొక్కలు నా ఎత్తు పెరిగాయి.

విజయనగరం: పప్పులో బెల్లం

కోట దగ్గర ఒక మెస్‌లో అన్నం. ఎనభై రూపాయలు, పొట్ట పగిలేలా పెట్టారు. పప్పు నోట్లో పెట్టుకుని ఆగిపోయాను. తియ్యగా ఉంది. పులుసూ తియ్యగానే ఉంది. మా వైపు ఇలా వండితే వంటావిడ బుర్ర తిరిగిందంటారు. కారం అడిగితే వడ్డించే ఆయన నన్ను జాలిగా చూసి, "బెల్లం నేకపోతే పులుసేటమ్మా?" అన్నాడు. నా చిన్నప్పుడు అమ్మ పులుసులో బెల్లం ముక్క వేసినప్పుడల్లా నాన్నా నేనూ కంచం జరిపేసేవాళ్లం. ఆ మాట గుర్తొచ్చి రెండోసారి పులుసు వేయించుకున్నాను.

ఇక్కడ ఇంకో సంగతి. మాకు నోరు తెరిస్తే అండీ. ఇక్కడ ఆటో అతను, లాడ్జి అబ్బాయి, పళ్లావిడ, అందరూ నువ్వు అనే. మొదటి రోజు మొహం ముడుచుకున్నాను. రెండో రోజుకి అలవాటైంది. మూడో రోజు ఎవరైనా మీరు అంటే వీడికి నాతో ఏం పనుందో అని అనుమానం రావడం మొదలైంది.

రాజాం బస్సులో ఎండు నెత్తళ్లు

ఆడవాళ్లకి బస్సు టిక్కెట్టు లేదు కాబట్టి బస్సంతా మేమే. నా పక్క సీట్లో నూకాలు అనే ఆవిడ కూర్చుంది, కాళ్ల దగ్గర ఎండు చేపల గంప. వెనక ఒక ప్యాంటు పెద్దమనిషి ముక్కు మూసుకుని, ఇలాంటివి బస్సులో ఎక్కనివ్వకూడదని గొణిగాడు. నూకాలు వెనక్కి తిరిగి, "నీ ఇంట్లో వొండినప్పుడు ముక్కు మూసుకుంతన్నావేటి బావా?" అంది. ఆయన చీపురుపల్లి దాకా కిటికీలోంచి బయటికే చూశాడు.

ఆవిడది సముద్రం ఒడ్డు పల్లె. భర్తా కొడుకూ వేటకి వెళ్తారు. ఆవిడ వారానికోసారి పొలాల ఊళ్లు తిరుగుతుంది. కోతల కాలంలో డబ్బు తీసుకోదట, వడ్లే తీసుకుంటుంది. కుంచం వడ్లకి రెండు దోసిళ్ల నెత్తళ్లు. ఆ వడ్లే ఇంట్లో ఆర్నెల్ల తిండి.

"డబ్బులిస్తే సులువు కదా?" అన్నాను.

"డబ్బుతోని బియ్యం కొనాల. బియ్యం రేటు ఒవులి సేతిలో ఉన్నాది? సముద్రంలో వొరి పండదు కదమ్మా. ఆల్లు పండించాల, నాను పట్టాల." వేళ్లు మడుస్తూ మూడు ఊళ్ల పేర్లు చెప్పింది. "ఈటికెల్లడం మానీసినాను. పొలాలమ్మీసినారు. అమ్మిన యేడు మా బాగా కొన్నారు సేపలు. మేడలు కట్టినారు, బళ్లు కొన్నారు. రెండో యేడు అప్పు ఎట్టమన్నారు. ఇప్పుడు ఆ ఇళ్లలోంచి ఆడోళ్లు ఇసాపట్నం పనికెల్తన్నారు."

నీ ఊరేది, ఎందుకొచ్చావని ఎదురు అడిగింది. పొలం చూడటానికి అన్నాను. "సూడు, సూడు" అని సంతోషంగా పొట్లం కట్టి గుప్పెడు నెత్తళ్లు నా ఒళ్లో పెట్టింది. డబ్బిస్తే తీసుకోలేదు. స్టాంపు పేపరున్న సంచిలోనే ఆ పొట్లం పెట్టుకోవలసి వచ్చింది.

రాజాం: పుట్టని ఊరికి వీధులు

బ్రోకరు శ్రీను బస్టాండులోనే ఎదురొచ్చాడు. ముప్ఫై ఏళ్లుంటాయి, నల్ల కళ్లద్దాలు, మాటకి ముందూ వెనకా మేడం. హోటల్లో దిబ్బరొట్టె తినిపించి, బల్ల మీద రంగుల బ్రోచరు పరిచాడు. లేఔట్ పేరులో గ్రీన్ అన్న మాట రెండుసార్లు వచ్చింది. వీధులకి అప్పుడే పేర్లు పెట్టేశారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

వాళ్లు కొన్నది చెరువు వెనకాల ఉన్న పదెకరాల మెట్ట. దానికి దారి లేదు. దారి మా ఎనభై రెండు సెంట్లలోంచే పోవాలి. దారికి పోగా మిగిలినదానికి బ్రోచరులో ఆకుపచ్చ రంగు వేసి 'చిల్డ్రన్స్ పార్క్' అని రాశారు.

"అగ్రిమెంటు తెచ్చారా మేడం?"

"తెచ్చాను. హద్దులు చూసి నింపాలి."

"చూడ్డానికేముంది మేడం, పొలమే కదా! మీరు సరే అన్నారు కాబట్టి రోడ్డుకి గ్రావెల్ కూడా తోలేశాం."

అవును, సరే అన్నాను. నెల క్రితం ఆఫీసులో రద్దీగా ఉన్నప్పుడు ఫోన్ చేసి, కారు లోపలికి రావడానికి కొంచెం మట్టి వేసుకుంటాం అన్నాడు. సరే, వేసుకోండి అన్నాను. అదే వారంలో మా పొలం కౌలుకి చేస్తున్న మేనమామ అప్పలసూరి రెండుసార్లు ఫోన్ చేశాడు. కౌలు తగ్గించమంటాడు కాబోలనుకుని, అగ్రిమెంటు అయ్యాక మాట్లాడదాం అని పెట్టేశాను. శ్రీను కారులో దింపుతానన్నాడు. వద్దని ఆటో ఎక్కాను. రేపు పదింటికల్లా నేనే వస్తానన్నాడు.

అమ్మ ఊరు

అప్పలసూరి అమ్మకి వరసకి తమ్ముడు. ఆటో దిగేసరికి గ్రావెల్ గుట్ట మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. లేవలేదు.

"పారోతి కూతురివేటి? మొకం అదే. మాటే మారిపోనాది."

నమస్కారం పెట్టాను. జిలేబీ కథ చెప్పాను. నవ్వలేదు. "రా, సూడు నీ బూమి" అని గట్టు మీదికి నడిచాడు. వెనకాలే రెండడుగులు వేసి జారి మడిలో పడి నడుము దాకా తడిశాను. సంచిని మాత్రం పైకెత్తి పట్టుకున్నాను. అప్పుడు నవ్వాడు. "బాగున్నాది. మీ యమ్మ కూడా మొదట పడే నేర్సుకున్నాది."

నిలబడి చూశాను. పైన చెరువు నిండుగా ఉంది. చెరువు తూముని ఇక్కడ మదుము అంటారు, దాని కిందనే మా మడి, మోకాలి లోతు నీళ్లతో. మా మడికి దిగువన మెట్లు మెట్లుగా ఇంకా పదిహేడు మళ్లు. అన్నీ ఎండిపోయి ఉన్నాయి. శ్రావణం వచ్చేసింది. మా వైపు ఈపాటికి పచ్చగా ఉంటుంది. ఇక్కడ నెర్రెలు విచ్చాయి.

నీళ్లు ఎందుకు వదల్లేదని అడిగాను. అడిగిన మరుక్షణమే నాకు కనబడింది. మా మడి దిగువ గట్టు మీద, ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఎర్రటి గ్రావెల్ పరుచుకుని ఉంది. రోడ్డు.

తెనాలి వైపు వాళ్లకి ఇది చెప్తే గానీ తెలియదు. మాకు ప్రతి పొలానికీ కాలవ నుంచి బోదె ఉంటుంది. పక్క పొలం వాడితో జన్మలో మాట్లాడకపోయినా పంట పండుతుంది. ఇక్కడ బోదెలు లేవు. చెరువు నీరు మొదట పై మడిలోకి వస్తుంది, గట్టుకి కొట్టిన గండిలోంచి కింది మడిలోకి, అందులోంచి ఆ కిందదానికి. ఆఖరిదాన్ని అడుగు మడి అంటారు. పదిహేడు గట్లు దాటితే గాని అక్కడికి నీరు చేరదు. ఏటా మొదటి నీరు వదిలేది పై మడి వాళ్లు. వాళ్ల మాట లేకుండా ఇంకెవరూ గండి కొట్టకూడదు. ఒకప్పుడు ఎవరికి వాళ్లు గండ్లు కొట్టుకుని తలలు పగిలాయట, అప్పుడు పెద్దలు పెట్టిన కట్టుబాటు. పై మడి వాళ్లు ముందు అడుగు మడి వాళ్లకి కబురు చెప్పాలి. అడుగు మడి నుంచి ఒక్కొక్కరూ తమ గండి తెరుచుకుంటూ పైకి వస్తారు. అన్నీ తెరిచాక ఆఖరున పై మడి గండి కొడతారు. అందుకే నీరు మధ్యలో ఎవరి దగ్గరా ఆగదు.

"మీ యమ్మ యేటేటా ఫోన్ సేసీది" అన్నాడు అప్పలసూరి.

నాకు గుర్తుంది. ప్రతి వానాకాలం అమ్మ వంటింట్లో నిలబడి గట్టిగా అరిచేది: "అడుగు మడోల్లకి సెప్పినావేటి? అయితే నీరొగ్గీ తమ్ముడా." చిన్నప్పుడు నేను ఆ మాటని వెక్కిరిస్తూ ఇల్లంతా తిరిగేదాన్ని. పెద్దయ్యాక, ఆ యాసలో అరుస్తుంటే పక్కింటివాళ్లు వింటారని తలుపు వేసేదాన్ని. ఏదో పుట్టింటి చాదస్తం అనుకున్నాను. ఈ ఏడు ఫోన్ చేసే మనిషి లేదు.

"నువ్వే కొట్టేయొచ్చు కదా మావయ్యా?"

"ఎలాగ కొడతాను? ఆ బ్రోకరు గుంటడు ఫోన్లో నీ మాట ఇనిపించినాడు. సరే, ఏసుకోండి అన్నావు. నీ గొంతే. పై మడి మాట మీద కట్టింది పై మడి మాట మీదే కొట్టాల. నీకు ఫోన్ సేస్తే తరవాత అన్నావు."

సిగ్గుతో తల దించుకున్నాను. జల అన్న మాట ఇన్నేళ్లలో ఎన్ని వందల దస్తావేజుల్లో రాశానో. నా సొంత మడి నీటిని మాత్రం ఒక్క 'సరే'తో కట్టేశాను.

పైడమ్మ ఇంట్లో వంకాయ కూర

అడుగు మడి పైడమ్మది. నలభై ఏళ్ల మనిషి, నన్ను చూడగానే "అప్పా" అని, అంటే అక్కా అని, చెయ్యి పట్టుకుంది. అలా పట్టుకోకుండా తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. ఆమె ఆకుమడి చూపించింది. నారు నలభై రోజులది, ముదిరి కణుపులు కడుతోంది. "ఇంకో వారమైతే పశువులకే" అంది మామూలుగా.

నూకాలు ఇచ్చిన నెత్తళ్లు వంకాయలో వేసి ఆమే వండింది. మా రాగులనే ఇక్కడ చోళ్లంటారు. చోడి అంబలి, అన్నం, ఆ కూర. మా గుంటూరు కారం పక్కన అది ఏ మూలకీ రాదు, కానీ అంత తృప్తిగా ఈమధ్య నేను తినలేదు. అప్పలసూరి కూడా అక్కడే తిన్నాడు.

నాలో లేఖరి ఊరుకోదు కదా. అన్నాను: "పంట ఏం మిగులుతోంది మావయ్యా? అమ్మేస్తే వచ్చిన డబ్బు బ్యాంకులో వేసుకుంటే ఏటా వడ్డీ వస్తుంది."

పైడమ్మ నా కంచంలో ఇంకో గరిటె అన్నం వేసింది. "వొడ్డీ నీకొస్తాది. మా నూతిలోకి నీరొస్తాదేటి?"

ఊరి నుయ్యి ఆ మళ్లకి దిగువనే ఉంది. నాలుగు నెలలు మళ్లలో నిలిచిన నీరు ఇంకి ఇంకి అందులోకి దిగుతుంది, అందుకే వేసవిలోనూ ఎండదట. అవతల ఊళ్లో పొలాలు పూడ్చాక ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెడుతున్నారు. ఇక అప్పలసూరి మొదలుపెట్టాడు. ఆయన లెక్కలు మా ఆఫీసులో ఏ ఫారంలోనూ పట్టవు. వరి కోశాక తడి ఆరకముందే చల్లే పెసలు. గట్ల మీద కంది. కందిపప్పు బజారులో కొనడమంటే ఆయన ఇంట్లో నామోషీ. రెండు ఆవులకి ఏడాది గడ్డి. భాద్రపదంలో మళ్లలో మావులనే వెదురు బుట్టలు పెడితే పడే చేపలు. ఎండాకాలం చెరువు ఒండ్రు బండ్లతో తోలి మళ్లకి చల్లితే సగం ఎరువు ఖర్చు తగ్గుతుంది, చెరువూ పూడదు. ఊడ్పులకి, కలుపుకి, కోతకి ఊళ్లో ఆడవాళ్లందరికీ పని.

"నీ పార్కులో ఏటి పండుతాది?" అని అడిగాడు.

"నాది కాదు ఆ పార్కు" అన్నాను. గొంతు పెంచి అన్నానని తర్వాత తెలిసింది.

"నీ బూమిలో కడితే నీదే" అన్నాడు ఆయన, చెయ్యి కడుక్కుంటూ.

నీరు

నీళ్లు వదులుదామని రాత్రే చెప్పాను. తెల్లారి ఏడింటికి పై మడి నుంచి అడుగు మడి దాకా గట్ల మీద ఊరు ఊరంతా ఉంది. పారలు, గునపాలు తెచ్చుకున్నారు, కానీ ఎవరూ గ్రావెల్ మీద చెయ్యి వెయ్యలేదు. అప్పలసూరి నా వైపు చూశాడు.

"నీళ్లు వదిలెయ్ మావయ్యా" అన్నాను.

కదల్లేదు. "ముందు ఒవులికి సెప్పాల?"

అప్పుడు దిగువకి తిరిగాను. పదిహేడు మళ్ల అవతల పైడమ్మ చీర ఎర్రగా కనబడుతోంది. నా జన్మలో పొలంలో నిలబడి అరవలేదు. అరిచాను: "పైడమ్మా! నీరొగ్గుతన్నాం!"

ఆ మాట నా నోట్లోంచి అమ్మ గొంతుతో వచ్చింది. ఏడుపొచ్చింది, దాచుకోలేదు. దూరంగా పైడమ్మ చెయ్యెత్తింది. అడుగు మడి గండి తెరుచుకుంది. దాని పైది, ఆ పైది. ఒక్కొక్కరూ తమ గట్టు దగ్గర పార వేసి పైకి చూస్తున్నారు. మా గట్టు దాకా వచ్చేసరికి అప్పలసూరి మొదటి పార నా చేతికిచ్చాడు. గ్రావెల్ గట్టిగా ఉంది, పార టంగుమని ఎగిరి నా మోకాలికి తగిలింది. ఆ మచ్చ ఇంకా ఉంది. తర్వాత ఆరుగురు మగవాళ్లు, నలుగురు ఆడవాళ్లు కలిసి తవ్వారు.

గండి సగం అయ్యేసరికి శ్రీను కారు దిగాడు. పరుగెత్తుకొచ్చాడు.

"మేడం! ఏంటిది? మీరే పర్మిషన్ ఇచ్చారు. నా దగ్గర రికార్డింగ్ ఉంది!"

"ఉంది. విన్నారంతా. ఇది కూడా రికార్డు చేసుకో బాబూ: ఈ మడి నేను అమ్మను."

"ఎనభై సెంట్ల కోసం పదెకరాల వెంచర్ ఆగిపోతుందా మేడం? ఇక్కడ అభివృద్ధి రావద్దా?"

"పదెకరాల మెట్టలో ఇళ్లు కట్టుకో, ఎవరు వద్దన్నారు? దారి వేరే చూసుకో. పదిహేడు మళ్ల నీటికి అడ్డం పడుకుని అభివృద్ధి అంటే మాత్రం కుదరదు. నా సంతకం లేకుండా దారి హక్కు ఎవరు రాస్తారో నేనూ చూస్తాను. నేను రాసే పనే చేస్తున్నాను, ఇరవై రెండేళ్లుగా."

"మీ తర్వాత మీ పిల్లలు అమ్మరా?" అన్నాడు చివరికి, కళ్లద్దాలు తీసి.

నేను ఉన్నంతవరకు అమ్మనని మాత్రమే చెప్పగలను, అంతే చెప్పాను. అప్పలసూరి మాత్రం చుట్ట నోట్లోంచి తీసి, "ఎండెక్కువగా ఉన్నాది, నీడకి రా బాబూ, అంబలి తాగెల్లు" అన్నాడు. శ్రీను తాగలేదు. కారు వెనక్కి తిప్పుకునే జాగా లేక, గ్రావెల్ చివరి దాకా వెనక్కి పోనిచ్చుకుంటూ వెళ్లాడు.

నీరు మొదట మురికిగా, ఎర్రగా దూకింది. కాసేపటికి తేటపడింది. దానితోపాటు వేలెడంత చేపలు కొన్ని కింది మడిలోకి జారాయి. ఎక్కడినుంచి వచ్చాయో కొంగలు దిగాయి. మధ్యాహ్నానికి ఆరో మడి, చీకటి పడేలోపు పన్నెండోది. నెర్రెలు మొదట నీటిని తాగేస్తున్నాయి కాబట్టి ఆలస్యమైంది. మర్నాడు పొద్దున్నే వెళ్తే పైడమ్మ మడిలో చీలమండ లోతు నీరుంది. ఆమె అప్పటికే నారు పీకుతోంది. ముదురు నారు కాబట్టి కుదురుకి రెండు మొక్కలు ఎక్కువ పెట్టాలట, అయినా దిగుబడి తగ్గుతుందట. ఆ తగ్గే వడ్లు నా 'సరే' ఖరీదు. మా కౌలులోంచి ఆ మేరకు తీసుకో అంటే పైడమ్మ కోప్పడింది. అప్పలసూరి మాత్రం సరే అన్నాడు.

వెళ్లేముందు స్టాంపు పేపరు తీసి హద్దులు చూసుకున్నాను. ఉత్తరాన చెరువు గట్టు, తూర్పున వాగు, పడమర బండి దారి. దక్షిణాన ఏం రాయాలో తోచలేదు. మామూలుగా పక్క రైతు పేరు ఒక్కటే రాసేదాన్ని. ఇక్కడ పదిహేడు పేర్లు రాయాలి. ఖాళీగానే మడిచి, నెత్తళ్ల వాసనతో సహా, సంచిలో పెట్టుకున్నాను.

తిరిగి తెనాలి

మా గురువుగారు పేపరు చూసి, "సంతకాలు పడని స్టాంపు వెనక్కిచ్చేయొచ్చు, వంద రూపాయలు ఎందుకు పాడు చేసుకోవడం?" అన్నారు. ఇవ్వలేదు. నా డ్రాయరులో ఉంది. తీసినప్పుడల్లా వాసన వస్తోందని పక్క సీటు అమ్మాయి గొడవ.

ఇంటి మీద అంతస్తు లేవలేదు. మావారు రెండు వారాలు మాట్లాడలేదు. ఇప్పుడు మా గట్ల మీది కందిపప్పు ఎప్పుడొస్తుందా అని ఎదురు చూస్తున్నారు.

మొన్న ఒక పెద్దమనిషి ఎకరంన్నర అమ్మకం రాయించుకోవడానికి వచ్చాడు. పొలం ఊరికి ఆనుకుని ఉంది, కొనేవాళ్లు పూడ్చి ప్లాట్లు వేస్తారు. తూర్పు రాశాను, పడమర రాశాను, ఉత్తరం రాశాను. జల అన్న మాట దగ్గర కలం ఆగింది.

"మీ పొలం నీళ్లు ఆ తర్వాత ఎటు పోతాయండీ?" అన్నాను.

"కిందవాళ్ల పొలంలోకి. ఏం?"

"వాళ్లకి చెప్పారా?"

ఆయన గురువుగారి వైపు చూశాడు. గురువుగారు కళ్లజోడు సవరించుకుని, ఫారంలో ఆ ప్రశ్న లేదు కదమ్మా అన్నారు. లేదండీ, ఇకనుంచి నేను అడుగుతాను అన్నాను. పెద్దమనిషి కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. నేను కలం మూత పెట్టి, చేతులు కట్టుకుని, ఆయన జవాబు కోసం కూర్చున్నాను.